ఫిట్స్ ఎంతకీ ఆగకపోతే

ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే చేతిలో తాళాలగుత్తి పెట్టి చూస్తూ కూర్చోకండి. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మొదట మేము నరంలోకి లోరాజెపామ్ ఇస్తాము. తగ్గకపోతే ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటామ్‌లలో ఒకటి ఎక్కిస్తాము. 2019లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఈ మూడింటిలో ఏది ఇచ్చినా దాదాపు సగం మందికే ఫిట్స్ ఆగాయి.

మిగిలినవారికి మిడజోలామ్ లేదా ప్రొపోఫాల్ పంపుతో ఆగకుండా ఎక్కిస్తూ, మత్తులో ఉంచుతాము. ఈ మందులకు శ్వాస మందగిస్తుంది, బి.పి. పడిపోతుంది. అందుకే వెంటిలేటర్. దాన్ని చూడగానే "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోతాం" అనే బంధువులున్నారు. అందరూ కోలుకుంటారని చెప్పలేము గాని, ఆ గొట్టం ఆశ వదులుకున్నందుకు పెట్టినది కాదు. ఒకటి రెండు రోజులు ఫిట్స్ రాకపోతే మందు మెల్లగా తగ్గిస్తాము.

వచ్చేటప్పుడు పాత మందుల చీటీ తెండి. మాత్రలు మధ్యలో మానేశారా అని తప్పక అడుగుతాము.