అంగడి పలకలు

కల్లావి బజారులో నడచుచు అంగళ్ల పేరు పలకలు చదువుట మాకొక అలవాటు. తమిళనాడు నియమము ననుసరించి పలకపై తమిళము పైనను, ఇతర భాషలు దాని క్రిందను ఉండవలెను. చోటు చాలనిచో మొదట తొలగునది తెలుగే యని మాకు తోచును.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన క్రొత్తలో, తమిళ లిపిలోని యొక పలకను మేము "కాంతి స్టోర్సు" అని చదివితిమి. ప్రక్కనున్న విద్యార్థి నవ్వి, "కాదు సార్, గాంధీ స్టోర్సు" అనెను. తమిళమున క, గ లకు ఒకటే అక్షరము. త, థ, ద, ధ లకును ఒకటే. ఆ రెండు మాటలకును వ్రాత ఒక్కటే, ఎరిగినవాడే వేరుచేయగలడు.

మాటలు మాత్రము అంత దూరపువి కావు. మన మందు తమిళమున 'మరుందు', మన నగ 'నగై'. హోసూరు పోయినచో కన్నడమును ఎదురగును. అందు మన పకారము పెక్కుచోట్ల హకారమైనది: పాలు 'హాలు', పువ్వు 'హూవు'. హోసూరనగా కన్నడమున క్రొత్త ఊరు. తమిళ పలకపై అదియే 'ఓసూర్'.

ఇంట తెలుగు మాటలాడుచు తెలుగక్షరము గుర్తింపలేని పిల్లలు మన వీథులలో నున్నారు. తల్లిదండ్రులారా, బజారునకు పోయినపుడు ఒక పలక పేరును బిడ్డచేత తెలుగున వ్రాయింపుడు. 'క'యా, 'గ'యా యని వాడే అడుగును.