టిప్పు దగ్గర తిప్పలు!

ఐసెలిన్ (న్యూజెర్సీ): శనివారం సాయంత్రం ఓక్‌ట్రీ రోడ్డులో పార్కింగ్ దొరికిందంటే పండగే. చీరల కొట్లు, బంగారం కొట్లు చుట్టేసి, పిల్లలు ఆకలో అంటుంటే ఏదో ఒక రెస్టారెంట్లో దూరతాం. దోసెలు, బిర్యానీలు, చివర్లో కాఫీ.. అంతా బాగానే ఉంటుంది. అసలు కథ బిల్లు వచ్చాక మొదలవుతుంది. 'నేనిస్తానంటే నేనిస్తా'నని బిల్లు లాక్కునే మనవాళ్లే టిప్పు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. 'ఎంత రాద్దామంటారు?' అనే ప్రశ్న బల్ల చుట్టూ తిరుగుతుంది.

ఈమధ్య మా మూడు కుటుంబాలూ కలిసి వెళ్లినప్పుడు ఇదే జరిగింది. విజయవాడ నుంచి వచ్చిన మా నాన్నగారూ ఉన్నారు. పన్ను కాక బిల్లు 200 డాలర్లు. '18 శాతమంటే 36' అని ఒకరు లెక్క చెప్పారు. 'మూడు వేల రూపాయలా! అన్నం తెచ్చిపెట్టినందుకా?' అన్నారు నాన్నగారు. 'కూర ఆలస్యంగా తెచ్చాడుగా, 20 చాలు' అని ఇంకొకరు. 'పోనీ 25 రాయండి' అని మరొకరు. తెలుగే కదా, ఎవరికర్థమవుతుందిలే అని గొంతులు కూడా పెంచాం. పక్క బల్ల దగ్గర నీళ్లు పోస్తున్న కుర్రాడు మా దగ్గరికొచ్చి, 'అంకుల్, తాతగారికి వేడినీళ్లు తెమ్మంటారా?' అన్నాడు. అచ్చ తెలుగులో! అందరం ప్లేట్లలోకి చూసుకున్నాం. 40 డాలర్లు రాసి బయటపడ్డాం కానీ, అతను విన్న మాటల్ని వెనక్కి తీసుకోలేకపోయాం.

అది చిల్లర కాదు.. జీతం

నాన్నగారి ప్రశ్నలో తప్పేం లేదు. మన ఊళ్లో టిప్పంటే మిగిలిన చిల్లర. బిల్లులో సర్వీస్ చార్జి దానంతటదే కలపకూడదని అక్కడి వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది కూడా. ఇక్కడి లెక్క వేరు. న్యూజెర్సీలో 2025లో కనీస వేతనం గంటకు 15.49 డాలర్లు. కానీ టిప్పులు వచ్చే సర్వరుకు ఆ ఏడాది యజమాని 5.62 ఇస్తే సరిపోయేది. మిగతా 9.87 టిప్పుల్లోంచి రావచ్చని చట్టం. అంతరాకపోతే ఆ తేడా యజమానే భరించాలి. యజమానులు, మేనేజర్లు సర్వర్ల టిప్పులు ఉంచుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టం కూడా వచ్చింది. అంటే మన బల్ల మీద బేరం ఆడేది ఆ కుర్రాడి జీతం గురించే!

లెక్క ఇలా..

పన్ను కలపకముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి మర్యాద. న్యూయార్క్ సిటీ నుంచి వచ్చినవాళ్లు 'పన్నుకు రెట్టింపు' అనే చిట్కా చెబుతారు. అక్కడ పన్ను 8.875 శాతం కాబట్టి సరిపోతుంది. న్యూజెర్సీలో 2018 నుంచి పన్ను 6.625 శాతమే. రెట్టింపు చేసినా 13 శాతం దాటి కొంచెమే! పెద్ద బృందాలకు కొన్నిచోట్ల టిప్పు ముందే కలిపేస్తారు. బిల్లు పూర్తిగా చదవకుండా మళ్లీ రాసి చేతులు కాల్చుకున్నవాళ్లు మనలో చాలామందే. బఫేకి పది శాతం ఇచ్చినా తప్పు పట్టరు.

మాట్లాడాల్సింది ఎప్పుడు?

తప్పు టిప్పు గురించి మాట్లాడుకోవడంలో లేదు, మాట్లాడుకునే వేళలో ఉంది. బిల్లు పంచుకునేటట్టయితే ఇంటి దగ్గరో, కార్లోనో 'అందరం 20 శాతం వేద్దాం' అనుకుంటే గొడవే ఉండదు. ఒకరు పిలిచి భోజనం పెడుతుంటే ఆ అంకె వాళ్లిష్టం. 'ఎంత రాశారు?' అని తొంగిచూడటం, వాళ్లు చూస్తుండగా మరో ఐదు డాలర్లు బల్ల మీద పెట్టడం.. రెండూ వాళ్లని చిన్నబుచ్చడమే. 'టిప్పు మేమిస్తాం' అని ఒకసారి అడగొచ్చు. వద్దంటే వదిలేయాలి. తక్కువ ఇచ్చే స్నేహితుడికి పదిమందిలో పాఠం చెప్పకూడదు, తర్వాత ఒంటరిగా చెబితే నొచ్చుకోడు. వంట ఆలస్యమైతే ఆ తప్పు సర్వరుది కాకపోవచ్చు. ఫిర్యాదు ఉంటే మేనేజరుకు చెప్పాలి కానీ టిప్పులో కోత పెట్టి కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఐసెలిన్‌లో మన భాష మనకొక్కరికే తెలుసనుకోవడం వట్టి భ్రమ!

ఆ రాత్రి ఇంటికెళ్తుంటే కార్లో ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి నాన్నగారే అన్నారు.. 'ఆ పిల్లాడిది ఏ ఊరో అడగనైనా లేదు'. తిరుగు ప్రయాణానికి ముందు అదే చోటుకు మళ్లీ తీసుకెళ్లమన్నారు. ఆ కుర్రాడిది తెనాలట. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బిల్లు రాగానే నాన్నగారు జేబులోంచి డాలర్లు తీసి ఫోల్డరులో పెట్టి మూసేశారు.

'టిప్పు నేనిచ్చాను. ఎంతని మాత్రం అడక్కండి' అన్నారు.