కాడి దింపిన దినము

బాసర క్షేత్రమున జ్ఞానసరస్వతి సన్నిధిని బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించుట మనమందరము ఎరిగినదే. ఆ ప్రాంతపు పల్లెలలో శ్రావణ బహుళ అమావాస్యనాడు పలక లేకయే మరియొక పాఠము సాగుచుండును. అదియే పొలాల పండుగ.

ఆనాడు ఎద్దు మెడపై కాడి మోపరు. దానిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గజ్జెలు కట్టి, హనుమంతుని గుడిచుట్టు త్రిప్పుదురు. ఇల్లాలు హారతి యిచ్చి భక్ష్యములు తినిపించును. ఎద్దులు లేనివారు మట్టి యెద్దులనైనను పూజింతురు.

అమెరికా వారికిని ఒక కృతజ్ఞతా దినము కలదు. 1621 శరత్కాలమున ప్లిమత్‌లోని ఆంగ్లేయులు తొలిపంట కోసి మూడునాళ్ళు విందు చేసికొనిరి. వారికి మొక్కజొన్న విత్తుట నేర్పినవాడు టిస్క్వాంటమ్ అను స్థానికుడు. ఆ విందున సుమారు తొంబదిమంది వాంపనోగు జాతివారు పాల్గొనిరి. 1863లో అధ్యక్షుడు లింకన్ దేశమంతటికిని కృతజ్ఞతా దినమును ప్రకటించెను. 1941 నాటి చట్టము నవంబరు నాలుగవ గురువారమును నిర్ణయించెను. కాని సేద్యము నేర్పిన ఆ జాతివారు తమ భూములనే కోల్పోయిరి. 1970 నుండి స్థానిక జాతుల వారు పలువురు ఆనాడే ప్లిమత్‌లో సంతాపదినము పాటించుచున్నారు.

మన యెద్దునకును మరునాడు కాడి తప్పదు. అయినను, ఉపకారి మెడపై బరువును ఒక్కదినమైనను దింపవలెనని మన రైతు తలచెను. నేడు ట్రాక్టర్లు వచ్చి కొట్టములు బోసిపోయినవి. పండుగ మాత్రము నిలిచినది. ఉపాధ్యాయులారా, బిడ్డలను ఒక్కమాట అడుగుడు: “నీ కంచములోని అన్నము ఎవరి శ్రమ? వారి బరువును నీవెంత దింపితివి?”