జీతం లేని పనివాళ్ల ఊరు

1993లో పీటర్ డోటీ అనే ఆయన శాంటా క్లాజ్ వేషం కట్టుకుని అమెరికాలోని నెవాడా ఎడారిలో కూర్చున్నాడు. వేసవి ఎండ మాడ్చేస్తుంటే, వచ్చేపోయేవాళ్లకు క్రిస్మస్ చలిలో తాగే ఎగ్‌నాగ్ అనే గుడ్డుపాల పానీయం పోశాడు. దానికి క్రిస్మస్ క్యాంప్ అని పేరు. బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో మొట్టమొదటి 'థీమ్ క్యాంప్' ఏదంటే పాతకాపులు దాన్నే చూపిస్తారు. ఆ తిక్క సరదాకు వారసులుగా ఇప్పుడు అక్కడ ఏటా వెయ్యికి పైగా క్యాంపులు వెలుస్తున్నాయి. ఒకచోట పొద్దున్నే దోసెల్లాంటి పాన్‌కేకులు వేసి పెడతారు, ఇంకోచోట సైకిళ్లు బాగుచేస్తారు. మరోచోట ధ్యానం నేర్పుతారు, పక్కనే తెల్లవార్లూ సంగీతం మోగుతుంది. ఎవరూ పైసా తీసుకోరు. చేసేవాళ్లలో దాదాపు ఎవరికీ జీతం లేదు. సరికదా, ఆ పని చేయడానికి వాళ్లే టికెట్ కొనుక్కుని వస్తారు. 2023లో మామూలు టికెట్ ధర 575 డాలర్లు.

ఉత్సవం పుట్టింది 1986లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్‌లో. ల్యారీ హార్వే, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు ఎనిమిది అడుగుల చెక్కబొమ్మను చేసి, కొద్దిమంది స్నేహితుల మధ్య తగలబెట్టారు. 1990లో అది బ్లాక్‌రాక్ ఎడారికి చేరింది. ఇప్పుడు ఆగస్టు చివర మొదలై, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే నాటికి ముగుస్తుంది. ఆ వారంలో 70 వేలకు పైగా జనం ఉండే బ్లాక్‌రాక్ సిటీ అనే ఊరు లేస్తుంది, పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు ఈ పేరు కొత్తకాదు. ఆగస్టు చివర సెలవు పెట్టి వెళ్లిన పక్క సీటు ఇంజినీరు, వారం తర్వాత ఒళ్లంతా తెల్ల దుమ్ముతో తిరిగి రావడం చూసే ఉంటారు.

నిర్వాహక సంస్థ రోడ్లు గీస్తుంది, మరుగుదొడ్లు పెడుతుంది, వైద్యం, భద్రత చూస్తుంది, నడిమధ్య కాల్చే బొమ్మను నిలబెడుతుంది. మిగతా ఊరంతా వచ్చినవాళ్లు కట్టుకోవాల్సిందే. వేదిక మీదకు ఫలానా గాయకుడు వస్తాడన్న పోస్టర్లుండవు, తినుబండారాల దుకాణాలుండవు. మామూలు జనం డబ్బిచ్చి కొనుక్కోగలిగింది దాదాపుగా ఐస్ ఒక్కటే. ల్యారీ హార్వే 2004లో రాసిపెట్టిన పది సూత్రాల్లో కానుకగా ఇవ్వడం, వ్యాపారం చొరబడనీయకపోవడం, ఎవరి బతుకు వాళ్లు చూసుకోవడం, చేయి కలపడం, ఆనవాలు మిగల్చకపోవడం ఉన్నాయి. అద్దె లారీ మీద కంపెనీ బొమ్మ ఉంటే దాన్ని కూడా గుడ్డతోనో రంగు కాగితంతోనో కప్పేసే క్యాంపులున్నాయి.

కాబట్టి అసలు కథ ఎడారిలో కాదు, శీతాకాలంలో ఎవరో ఒకరి ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర మొదలవుతుంది. క్యాంపుకు స్థలం కావాలంటే నిర్వాహకులకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంతమంది వస్తారు, ఊరి జనానికి ఏమిస్తారు, ఎన్ని అడుగుల స్థలం కావాలి, జనరేటర్ ఎక్కడ పెడతారు, ఇంధనం ఎలా దాస్తారు అన్నవి అందులో రాయాలి, పటం గీసి జతచేయాలి. దారిన పోయేవాళ్లను లోపలికి పిలిచేలా ఉందా, కంటికి ఇంపుగా ఉందా, ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉంటుందా, పోయినేడు చెత్త వదలకుండా వెళ్లిందా అని చూసి స్థలం కేటాయిస్తారు. ఊరు గుండ్రంగా ఉంటుంది కనుక చిరునామాలు గడియారం లెక్కలో ఉంటాయి. రెండు గంటల వీధి నుంచి పది గంటల వీధి దాకా, వాటిని అడ్డంగా కోస్తూ అక్షరక్రమంలో పేర్లున్న వీధులు. ఏడున్నర, 'ఇ' వీధి అంటే అక్కడ అడ్రస్ చెప్పినట్టే.

స్థలం దొరికాక చందా. అందరికీ తెలిసిన వినాయక చవితి పందిరి కమిటీనే ఊహించుకోవచ్చు. లిస్టులో పేరు రాయించుకునేవాళ్లు నలభై మంది, మీటింగుకు వచ్చేవాళ్లు పన్నెండు మంది, నిమజ్జనం మర్నాడు పందిరి విప్పడానికి మిగిలేది ముగ్గురు. బర్నింగ్ మ్యాన్ క్యాంపుల్లో ఈ జబ్బుకు పేరు కూడా ఉంది. తళుకు బట్టలు తెచ్చుకుని, నీళ్లూ గుడారమూ మరిచిపోయి వచ్చి, పని తప్పించుకు తిరిగేవాళ్లను 'స్పార్కిల్ పోనీ' అంటారు. అనుభవమున్న క్యాంపులు అందుకే కొత్తవాళ్ల దగ్గర ముందే మాట తీసుకుంటాయి: ఇన్ని షిఫ్టులు చేయాలి, నిలబెట్టే రోజునో విప్పే రోజునో తప్పక ఉండాలి. కొన్నిచోట్ల చందాతోపాటు డిపాజిట్ కూడా కట్టించుకుని, చివరిరోజు పని చేసినవాళ్లకే తిరిగిస్తారు. స్నేహితుల మధ్య ఇదేం పద్ధతని మొదట్లో అనిపించవచ్చు. రెండేళ్లు క్యాంపు నడిపినవాళ్లెవరూ ఆ మాట అనరు.

జీతం లేనిచోట అధికారమూ ఉండదు. వంటకు ఒక లీడ్, కరెంటుకు ఒక లీడ్, నిర్మాణానికి ఒకరు, చెత్తకు ఒకరు. ఆ లీడ్ మాట వినకపోతే చేయగలిగింది ఏమీ లేదు. ఉద్యోగంలోంచి తీసేయలేరు, మహా అయితే వచ్చే ఏడాది పిలవరు. అందుకే వంటగది గోడకు కట్టిన షిఫ్టుల పట్టిక అంత ముఖ్యమైంది. ఈ ఉత్సవాన్ని హద్దుల్లేని స్వేచ్ఛ అని వర్ణించేవాళ్లు మధ్యాహ్నం రెండింటికి గిన్నెలు తోమే డ్యూటీలో తమ పేరు చూసుకుని ఉండరు.

నీళ్ల లెక్క చూస్తే పని బరువు తెలుస్తుంది. మనిషికి రోజుకు ఒకటిన్నర గ్యాలన్లు, అంటే ఐదున్నర లీటర్ల పైమాటే, తెచ్చుకోమంటారు. యాభై మంది తొమ్మిది రోజులుంటే రెండున్నర వేల లీటర్లు. అదంతా మోసుకెళ్లాలి, ఎందుకంటే అక్కడ కుళాయి ఉండదు. వాడిన నీటినీ వదిలిపెట్టడానికి లేదు. స్నానం చేసినవీ గిన్నెలు కడిగినవీ నేల మీద పారబోయడం నిషిద్ధం. నల్ల ప్లాస్టిక్ పరిచిన పళ్లెం లాంటి తొట్లలో ఎండకు ఆవిరి చేసే ప్రయోగాలు చేస్తారు గానీ, గాలికి దుమ్ము పడి బురదై, ఆ బురదే ఇంకో సమస్య అవుతుంది. చాలామంది చివరికి డ్రమ్ముల్లో నింపి వెనక్కి మోసుకుపోతారు. అందుకే అక్కడి వంటవాళ్లు గిన్నెలకు తక్కువగా అంటుకునే వంటకాలను ఇష్టపడతారు. బయటివాళ్లకు వండి వడ్డించే క్యాంపుకు నెవాడా ఆరోగ్య శాఖ పర్మిట్లు, మందు పోసే బార్‌కు వయసు కార్డు చూడాల్సిన బాధ్యత ఎలాగూ ఉన్నాయి. ఉచితంగా ఇస్తున్నాం కదా అంటే పోలీసులు ఒప్పుకోరు.

ఆ నేల గురించి కూడా చెప్పాలి. వాళ్లు 'ప్లాయా' అనేది ఎండిపోయిన పాత సరస్సు అడుగు, సముద్రమట్టానికి సుమారు 1,190 మీటర్ల ఎత్తున ఉంది. దుమ్ము క్షారగుణం గలది. పాదాలు పగిలితే వెనిగర్ కలిపిన నీళ్లతో కడుక్కుంటారు. పగలు ఎండ, రాత్రి వణుకు, మధ్యలో ఎదుటి మనిషి కనిపించనంత గాలిదుమారం. మామూలు గుడారపు మేకులు అక్కడ పనికిరావు. అడుగు పొడవుండే లావుపాటి స్క్రూ బోల్టులను బ్యాటరీ రెంచితో నేలలోకి తిప్పి దింపుతారు, లేదా కాంక్రీటుకు వాడే ఇనుప కడ్డీలు కొడతారు. కడ్డీ కొన బయట మిగిలితే చీకట్లో కాలికి తగిలి ఆసుపత్రి పాలవుతారు కనుక దానికి పాత టెన్నిస్ బంతి తొడుగుతారు. నీడ కోసం కట్టిన పెద్ద పరదా గాలికి లేచి పక్క క్యాంపు మీద పడితే, ఆ వారం ఇరుగుపొరుగు సఖ్యత అంతటితో సరి.

2023లో ఈ ఏర్పాట్లన్నిటికీ అనుకోని పరీక్ష ఎదురైంది. చివరి వారాంతంలో వాన పడింది. ప్లాయా తడిస్తే జిగట బంకమన్ను. సైకిల్ చక్రం తిరగదు, బూటు ఎత్తితే కిలోల మట్టి వస్తుంది. గేట్లు మూసేశారు, 70 వేల పైచిలుకు జనాన్ని ఉన్నచోటే ఉండి నీళ్లూ తిండీ పొదుపు చేసుకోమన్నారు. మరుగుదొడ్లు శుభ్రం చేసే లారీలు తిరగలేకపోయాయి. శనివారం కాల్చాల్సిన బొమ్మను సోమవారం రాత్రికి వాయిదా వేశారు. అక్కడ చిక్కుకున్న ప్రముఖులు కొందరు మైళ్లు నడిచి బయటపడటం వార్త అయింది గానీ, ఎక్కువమంది కదల్లేదు. వంటగది సరిగ్గా నడుపుకున్న క్యాంపులు పక్క గుడారాలవాళ్లనూ పిలిచి అన్నం పెట్టాయి. డబ్బు చెల్లించి, వంటవాళ్లనూ పనివాళ్లనూ వేరేగా పెట్టించుకునే ధనవంతుల క్యాంపుల మీద అక్కడ చాన్నాళ్లుగా విమర్శ ఉంది. చేయి కలపడం రాకపోతే వాన పడ్డ రోజు ఏమవుతుందో చూశాక ఆ విమర్శ అసూయ మాత్రమే అనడం కష్టం.

ఇక విప్పడం. దీన్ని 'స్ట్రైక్' అంటారు, సమ్మెతో సంబంధం లేదు. ఊళ్లో ఒక్క చెత్తకుండీ ఉండదు. ఎవరి చెత్త వాళ్లే తీసుకుపోవాలి. నేలకు చెందని ఏ వస్తువునైనా 'మూప్' అంటారు: పిస్తా తొక్క, వెంట్రుక, జిప్‌టై ముక్క, బట్టకు కుట్టిన తళుకు పూస, చెక్క పొట్టు. గుడారాలు లేచాక మిగిలినవాళ్లు చేతి దూరంలో వరసగా నిలబడి, బకెట్లు పట్టుకుని, తలలు వంచి స్థలం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. తర్వాత అడ్డంగా ఇంకోసారి. స్క్రూల కోసం అయస్కాంతం కట్టిన కర్రను లాగుతారు. నిద్రలేక, నాలుక మీద దుమ్ముతో చేసే ఈ పనికే చివరిరోజు ఎవరున్నారో లెక్క తేలుతుంది.

దీని వెనక భయమూ ఉంది. ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిది. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖ ఉత్సవం తర్వాత తనిఖీ చేస్తుంది. సగటున ఎకరానికి ఒక చదరపు అడుగుకు మించి చెత్త కనిపించకూడదు. ఎకరంలో 43,560 చదరపు అడుగులు ఉంటాయని గుర్తుచేసుకుంటే షరతు ఎంత కఠినమో అర్థమవుతుంది. అది తప్పితే అనుమతికే ఎసరు. నిర్వాహకుల బృందం జనం వెళ్లాక ఊరంతా నడిచి ఏరి, ఏ క్యాంపు స్థలం ఎలా ఉందో మ్యాప్ మీద రంగులు వేస్తుంది. పచ్చ అయితే భేష్, పసుపు అయితే హెచ్చరిక, ఎరుపు అయితే వచ్చే ఏడాది స్థలం దొరకడమే అనుమానం. మ్యాప్ విడుదలైన రోజు ప్రతి క్యాంపు గ్రూపు చాట్‌లోనూ మొదట వెతికేది తమ గడి రంగే.

అక్టోబరు దాకా మిగతా పనులు నడుస్తూనే ఉంటాయి. అద్దె లారీని దుమ్ము లేకుండా కడగకపోతే అదనపు రుసుము వేస్తారు. గుడారాలను వెనిగర్ నీళ్లతో తుడిచి, సామానును నెవాడాలోనే ఏదో ఒక కంటైనర్‌లో పెట్టి, దాని అద్దె ఎవరు కట్టాలో తేల్చుకోవాలి. చందా లెక్కలు చదివేటప్పుడు ఎవరో ఒకరు తాను రెండు షిఫ్టులు ఎక్కువ చేశానంటారు, ఇంకొకరు పట్టిక తెరిచి చూపిస్తారు. ఆ వాదన తేలేసరికి వచ్చే ఏడాది వంటకు లీడ్ ఎవరన్న ప్రశ్న వస్తుంది, చాట్‌లో కాసేపు ఎవరూ మాట్లాడరు.