ఎండుతెగులు బూజును చదువుట



గడచిన వానకాలమున చౌటుప్పల్ ప్రాంతపు ఎఱ్ఱ చెలక నొకదానిలో మేము నిలిచియుంటిమి. ఆముదము గెలలు వేయు తరుణము. ఒక సాలులో నాలుగు మొక్కలు పచ్చగా నున్నవి. ఐదవది ఆకులు పసుపుబాఱి, వ్రాలి, నిలువున ఎండుచున్నది. "తడి ఉన్నది, ఎరువు వేసినం, ఇదేం రోగం సారూ?" అని చేని యజమాని యడిగెను. మేము కొడవలితో కాండమును మొదటికడ నిలువుగా చీల్చి చూపితిమి. లోపలి నీటి నాళములు నల్లబడి యున్నవి. అది ఎండుతెగులు.

మేము ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఇట్టి చేనినే చూచి నీటికొఱత యని చెప్పియుంటిమి. ఆ రైతు మా మాట నమ్మి బావినీరు పాఱించెను. చేను దక్కలేదు. మఱుసటి యేడు ఆ చేని గింజలనే ఇంకొక చెలకలో విత్తగా అచ్చటను తెగులు పుట్టెను. తప్పు మాది. నాడు మేము కాండమును చీల్చి చూడలేదు.

ఇపుడు చీల్చి చూచుచున్నాము. కాని కన్ను చూపగలిగినది అంతవఱకే. ఈ తెగులునకు మూలము ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అను బూజు. అది నేలలో ఏండ్ల తరబడి బ్రదికియుండును; విత్తనముతోను ప్రయాణము చేయును. ఇదే పేరుగల బూజు టమాటను, అరటిని, ప్రత్తిని కూడ ఎండబెట్టును. అయినను ఒక్కొక పంటకు ఒక్కొక రూపము వేఱు. టమాటను చంపునది ఆముదమును చంపదు. ఇదే పేరుగల మఱికొన్ని బూజులు ఏ మొక్కకును కీడు చేయక నేలలోని చెత్తను తిని బ్రదుకుచుండును. సూక్ష్మదర్శినిలో చూచినచో వీని బీజములు ఒకే తీరున గనబడును. చంపునది ఏదో, సాధువు ఏదో చెప్పుటకు వేఱు సాధనము కావలెను. ఆ సాధనముల సంగతి తెలుపుటకే ఈ వ్యాసము.

ప్రతి జీవి కణములోను దాని లక్షణములన్నియు నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథమువలె ఇమిడి యుండును. దీనిని జీనోము అందురు. రొట్టెపిండిని పొంగించు ఈస్టు గ్రంథమును 1996లో పూర్తిగా చదివిరి. అందు సుమారు 1 కోటి 20 లక్షల అక్షరములు గలవు. టమాటను ఎండబెట్టు ఫ్యుజేరియం గ్రంథమున సుమారు 6 కోట్లు గలవు. పుటకు 2,000 అక్షరముల చొప్పున అచ్చువేసినచో అది 30,000 పుటలగును. ఇట్టి గ్రంథములు రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి ఏ మనుజుడు సరిచూడగలడు?

ఈ పనికొఱకే కంప్యూటరు సాధనములు పుట్టినవి. కొన్ని చూచుటకు, కొన్ని పోల్చుటకు. జేబ్రౌజ్ అనునది చూచు సాధనము. ఊరి నక్షలో ముందు ఊరంతయు చూచి, పిమ్మట ఒక సర్వే నంబరును, ఆ పిమ్మట అందలి బావిని చూచినట్లే, దీనిలో గ్రంథమంతయు చూచి, కావలసిన చోటికి దిగి, ఒక్కొక యక్షరమును చూడవచ్చును. అమెరికాలోని జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ వారు మైకోకాస్మ్ అను పేర వేయికి మించిన బూజుల గ్రంథములను ఒకచోట జేర్చి యుంచిరి. ఇంగ్లాండులో ఎన్‌సెంబుల్ ఫంగై అను భాండారము గలదు. వీనిని చూచుటకు రుసుము లేదు.

పోల్చు సాధనము ఎట్లు పనిచేయునో మన కొయ్యలగూడెము నేతగాండ్రకు సులువుగా తెలియును. పోగుబంధపు నేతలో పడుగున అద్దిన రంగు పేకన అద్దిన రంగుతో సరిగా కలిసినచోటనే పువ్వు తేలును. మమ్మర్ అను సాధనము సహాయమున ఒక బూజు గ్రంథమును పడుగుగాను, రెండవదానిని పేకగాను పఱచి, అక్షరముల వరుస కలిసిన చోటనెల్ల చుక్క పెట్టుదురు. రెండు బూజులును దగ్గఱ చుట్టములైనచో చుక్కలన్నియు కూడి మూలనుండి మూలకు ఒక గీత యగును. గీత తెగినచోట ఒకదానిలో లేని భాగము రెండవదానిలో నున్నదని తెలియును. గీత ఎదురు వాలుగా తిరిగినచో ఆ భాగము తలక్రిందైనదని తెలియును.

ఇట్లు పోల్చుటవలన ఏమి తేలినది? 2010లో శాస్త్రజ్ఞులు గోధుమకు, మక్కకు, టమాటకు తెగులు తెచ్చు మూడు ఫ్యుజేరియం బూజుల గ్రంథములను సరిచూచిరి. టమాట బూజులో నాలుగవ వంతునకు మించిన భాగము తక్కిన రెంటిలో లేదు. అందు కొన్ని క్రోమోజోములు, అనగా గ్రంథపు సంపుటములు, పూర్తిగా అదనము. టమాటను చంపు శక్తి ఆ యదనపు సంపుటములలో నున్నది. ప్రయోగశాలలో ఈ బూజును ఒక సాధు బూజుతో కలిపి పెంచగా, అట్టి సంపుటములు రెండు దానికి సంక్రమించి, సాధువు కాస్త టమాటను చంపునదాయెను. కంటికి ఒకటిగా నున్న బూజులు గుణమున ఏల వేఱో దీనివలన తెలిసినది.

తెగులు ఎచ్చటనుండి వచ్చెనో కూడ పోలికయే చెప్పును. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశమున గోధుమకు అగ్గితెగులు సోకి సుమారు 15,000 హెక్టార్ల పైరు దెబ్బతినెను. ఆసియాలో గోధుమకు ఈ తెగులు అదియే మొదలు. మన వరికి అగ్గితెగులు తెచ్చునదియు ఆ జాతి బూజే గనుక, ప్రక్క వరిమళ్ళ నుండియే ఎక్కినదా యను సందేహము సహజము. శాస్త్రజ్ఞులు రోగపు ఆకులలోని బూజు అక్షరములను చదివి, దాచుకొనక అందఱి యెదుట బెట్టిరి. అది వరి బూజు గాదనియు, దక్షిణ అమెరికా గోధుమ బూజునకు చుట్టమనియు కొద్ది వారములలోనే తేలెను. పొరుగు చేనిని నిందించి లాభము లేదని, దూరమునుండి వచ్చు గింజలమీద కన్నుంచవలెనని దీనివలన నేర్చుకొనవలెను.

అయితే ఒక హెచ్చరిక. ఈ సాధనములు చేనికి మందు కావు. టమాట బూజున తేలిన సంగతిని ఆముదపు బూజునకు ఉన్నదున్నట్లు అంటగట్టరాదు. ఆముదపు బూజును దాని చుట్టములతోనే పోల్చవలెను. ఆ మాదిరులు మన చేలనుండియే రావలెను. యంత్రము రెండు గ్రంథములందలి భేదములను చూపును గాని, ఏ గ్రంథము చచ్చిన మొక్కదో, ఏది బ్రదికిన మొక్కదో రైతు చెప్పనిది దానికి తెలియదు.

కావున మా మనవి. చేనిలో ఎండిన మొక్కను వేరుతో సహా తీయునపుడు, అదే సాలులోని పచ్చని మొక్క నొకదానినిగూడ తీయుడు. వేఱువేఱుగా కాగితమున చుట్టుడు. ప్లాస్టికు సంచిలో నుంచినచో కుళ్ళును. ప్రతి పొట్లముపై చేని పేరు, ఆముదపు రకము, విత్తిన దినము, విత్తనము తెచ్చిన చోటు, నిరుటి పంట వ్రాయుడు. రాజేంద్రనగరులోని భారత నూనెగింజల పరిశోధనా సంస్థకును, పాలెము పరిశోధనా స్థానమునకును ఇట్టి మాదిరులు చేర్చుటకు సంఘము పూనుకొనవలెను.

అందాక చేయవలసిన పనులు మానరాదు. తెగులు సోకిన చేని గింజలను విత్తనమునకు ఉంచకుడు. సంఘమును అట్టివానిని కొని పంచరాదు. పాలెమునుండి వెలువడిన హరిత వంటి తెగులునకు తాళు రకములను ఎంచుకొనుడు. కిలో విత్తనమునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టించుడు. అదియు బూజే గాని మనకు మిత్రము. ఆముదము వెంట ఆముదము వేయక, జొన్నయో సజ్జయో వేయుడు.

నాటి చెలకలో మేము పచ్చని మొక్కను గూడ పెఱుకుచుండగా చేని యజమాని మా చేయి పట్టుకొని, "మంచి చెట్టును ఎందుకు పీకుతున్రు సారూ?" అనెను. అది లేనిచో చచ్చినదానిని దేనితో పోల్చుదుమని మేమంటిమి. ఆతడు కొంత తడవు ఆలోచించి, తానే ఇంకొక పచ్చని మొక్కను పెఱికి మా చేతికిచ్చెను.