మెయిలు తలుపు తెరుచుకోకపోతే?

మాదాపూర్ పేరు వినని పిల్లలు తెలుగునాట ఉండరేమో! 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. రాళ్ళూ గుట్టలూ ఉన్న ఆ ప్రాంతంలో ఇప్పుడు అద్దాల మేడలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో పనిచేసేవారు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే చేసే మొదటి పని ఏమిటో తెలుసా? మెయిలు చూసుకోవడం!

అక్కడ ఒక కార్యాలయాన్ని ఊహించుకుందాం. సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. 200 మంది ఉద్యోగులు పేరు, పాస్‌వర్డ్ కొట్టారు. అందరికీ ఒకటే జవాబు: ‘లాగిన్ కాలేదు’. 200 మందీ ఒకే రాత్రి పాస్‌వర్డ్ మరచిపోయారా? అది జరిగే పని కాదు. మరి తప్పు ఎక్కడుంది? రండి, వెతుకుదాం.

అయిదు మజిలీలు

మెయిలు పెట్టెకు ఉన్నది ఒకే తలుపు అని మనం అనుకుంటాం. నిజానికి మన పాస్‌వర్డ్ అయిదు మజిలీల ప్రయాణం చేస్తుంది. మొదటిది మన ముందున్న బ్రౌజరు. రెండోది వెబ్‌మెయిల్, అంటే ఉత్తరాలను పేజీలుగా చేసి చూపే యంత్రం. మూడోది ప్రాక్సీ. నాలుగోది పేర్లూ పాస్‌వర్డులూ సరిచూసే పట్టిక. అయిదోది ఉత్తరాలు దాచి ఉంచే భాండాగారం.

ప్రాక్సీ అనే మాట మీకు కొత్త కాదు. హాజరు పిలిచేటప్పుడు రాని స్నేహితుడి బదులు ‘ప్రెజెంట్ సార్’ అంటే దాన్ని ప్రాక్సీ అనే కదా అంటారు! తరగతిలో అది తప్పు. కంప్యూటర్ల లోకంలో మాత్రం గొప్ప సేవ. ఒకరి బదులు మరొకరు వెళ్ళి పని చక్కబెట్టడమే ప్రాక్సీ.

పెద్ద సంస్థల్లో ఉత్తరాలన్నీ ఒకే యంత్రంలో పట్టవు. ఎవరి పెట్టె ఏ యంత్రంలో ఉందో ఉద్యోగులకు తెలియనక్కరలేదు. అందరూ ప్రాక్సీ దగ్గరికే వస్తారు. ప్రాక్సీ పట్టికను అడుగుతుంది: “ఈ పేరుకు ఈ పాస్‌వర్డ్ సరైనదేనా? ఇతని పెట్టె ఎక్కడ?” పట్టిక “సరే, ఫలానా యంత్రం, ఫలానా ద్వారం” అంటుంది. అప్పుడు ప్రాక్సీ తానే అక్కడికి వెళ్ళి లాగిన్ అవుతుంది. ఆ తర్వాత ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తూ ఉంటుంది. పాత యంత్రం తీసి కొత్తది పెట్టినా బయటివారికి తేడా తెలియదు.

ఈ సంభాషణకు వాడే భాషల్లో ఒకటి ఐమాప్. దీన్ని 1986లో అమెరికాలో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. మెయిలు ప్రాక్సీగా కూడా పనిచేసే ఎంజినెక్స్ అనే ప్రోగ్రామును రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేశారు.

దొంగ ఒకడు, శిక్ష అందరికీ!

ఇక మన చిక్కుముడికి వద్దాం. పట్టిక దగ్గర ఒక కాపలా ప్రోగ్రాము ఉంటుంది. ఒకే చిరునామా నుంచి తప్పు పాస్‌వర్డులు పదే పదే వస్తే, ఆ చిరునామాకు కొంతసేపు తలుపు మూసేస్తుంది. దొంగలను ఆపడానికి ఇది మంచి నియమమే.

కాని ఒక్క సంగతి గమనించండి. అందరి తరఫునా వచ్చేది ప్రాక్సీ ఒక్కటే. కాబట్టి కాపలావాడికి కనిపించేది ఎప్పుడూ దాని చిరునామాయే! ఎవరో దుండగుడు తెల్లవారుజామున ఒకరి పేరుతో వందల పాస్‌వర్డులు ప్రయత్నించాడనుకోండి. కాపలావాడు ప్రాక్సీనే దొంగ అనుకుని తలుపు మూస్తాడు. ఒకడు చేసిన అల్లరికి తరగతంతా బెంచీ ఎక్కినట్టు, 200 మందీ బయటే నిలబడతారు.

దీనికి విరుగుడు ఏమిటి? అసలు మనిషి ఏ చిరునామా నుంచి వచ్చాడో ప్రాక్సీ తన వెంట చెప్పేలా అమర్చాలి. లేదా కాపలాను ప్రాక్సీ ముందుకే జరపాలి. అప్పుడు అసలు దొంగ ఒక్కడే ఆగిపోతాడు.

లక్షణాన్ని బట్టి రోగం

వైద్యుడు నాలుక చూసినట్టు, ఇక్కడ తెర మీది జవాబును చూడాలి. లాగిన్ పేజీ ఏమీ చెప్పకుండా మళ్ళీ అదే పేజీగా తిరిగి వస్తోందా? అయితే కుకీని అనుమానించండి. కుకీ అంటే లోపలికి రానిచ్చాక వెబ్‌మెయిల్ ఇచ్చే టోకెను. బ్రౌజరు దాన్ని దాచుకోకపోతే, మరుక్షణమే మనం మళ్ళీ కొత్తవారమై పోతాం!

చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతోందా? ద్వారం పొరపాటు కావచ్చు. ఐమాప్‌కు 143, 993 అని రెండు ద్వారాలున్నాయి. 993లో మొదటి మాట నుంచే రహస్య లిపి. 143లో సంభాషణ మామూలు భాషలో మొదలవుతుంది. ఒకదానికి బదులు రెండోదాన్ని తడితే ఒకరి మాట మరొకరికి అర్థం కాక ఇద్దరూ ఎదురు చూస్తూ ఉండిపోవచ్చు.

భద్రతా పత్రం చెల్లదని హెచ్చరిక వచ్చిందా? మీ కంప్యూటరులో తేదీ చూడండి. ఆ పత్రాలకు గడువు ఉంటుంది. గడియారం కొన్నేళ్ళు వెనక్కి పోతే మంచి పత్రం కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది.

సగం చేసి వెతకండి

ప్రతి యంత్రమూ జరిగినదంతా గంట, నిమిషం, సెకనుతో సహా చిట్టా రాసుకుంటుంది. అయిదు చిట్టాలూ చదవాలా? అక్కరలేదు. ముందుగా మధ్యనున్న ప్రాక్సీ చిట్టా చూడండి. కబురు అక్కడికి చేరిందా? చేరితే తప్పు ప్రాక్సీలోనో దాని తర్వాతో ఉంది. చేరకపోతే అంతకు ముందే ఉంది. ఇలా సగం సగం కొట్టేస్తూ పోతే, 8 మజిలీలున్నా 3 పరీక్షలు చాలు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ప్రయోగశాలలోనూ ఇదే నియమం కదా!

ఉపకారవేతనం దరఖాస్తుకు చివరి రోజున మీకే ఈ ఇబ్బంది రావచ్చు. కంగారుపడి పాత పాస్‌వర్డులన్నీ వరసగా కొట్టకండి. ఉన్న తలుపూ మూసుకుపోతుంది. పక్కవారికి తెరుచుకుంటోందా అని అడగండి. మీ ఫోనులో తెరుచుకుంటోందా చూడండి. తెర మీది మాటలను, సమయాన్ని రాసి పెట్టుకోండి. “మెయిలు బాగుచేస్తాం, పాస్‌వర్డ్ చెప్పండి” అని ఎవరైనా అడిగితే మాత్రం ఎన్నడూ చెప్పకండి. మరమ్మతు చేసేవారికి కావలసింది మీ పాస్‌వర్డ్ కాదు, మీరు రాసి పెట్టిన ఆ గుర్తులే.

మీరూ చేసి చూడండి

ఎనిమిది మంది వరసగా కూర్చోండి. మొదటివారు ఒక చీటీ అందించాలి. ఒకరు రహస్యంగా దాన్ని ఆపేయాలి. వరస బయట ఉన్న మిత్రుడు “నీకు చీటీ అందిందా?” అని మాత్రమే అడుగుతూ, మూడే ప్రశ్నల్లో ఎక్కడ ఆగిందో కనిపెట్టాలి. మొదటి ప్రశ్న ఎవరిని అడగాలో మీరే ఆలోచించండి!