కారు తాళం ఒక్కటే మిగిలిందా? ఆలస్యం చేయొద్దు

గల్ఫ్‌లో హౌస్ డ్రైవర్లుగా పనిచేసే మనకు కారు తాళం చిన్న వస్తువేం కాదు. బండి కఫీల్‌దే అయినా, తాళం పోతే మాట పడేది మనమే. ఖర్చు జీతంలో కోస్తారేమోనన్న భయం ఒకటి. అందుకే రెండింట్లో ఒకటి పోతే 'ఇంకోటి ఉందిలే' అని నెలల తరబడి నెట్టుకొచ్చేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పాత బండ్లకు బజార్లో డూప్లికేట్ చేయించుకుంటే సరిపోయేది. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండ్లతో అలా కుదరదు. తాళంలో ఒక చిప్ ఉంటుంది. దాని కోడ్‌ను బండిలోని కంప్యూటర్ గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్టవుతుంది. దొంగతనాలు ఆపడానికి పెట్టిన ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

కొత్త తాళం కోడ్‌ను బండికి నేర్పడమే ప్రోగ్రామింగ్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు మెకానిక్ తన మిషన్ తగిలించి ఈ పని చేస్తాడు. పనిచేసే తాళం ఒకటి చేతిలో ఉంటే చాలా మోడళ్లకు ఇది తేలికైన పనే. ఒక్కటీ లేకపోతే మాత్రం బండి కదలదు. రికవరీ వ్యాన్ పిలవాలి, లేదా మెకానిక్కే బండి దగ్గరికి రావాలి. కొన్ని మోడళ్లకు కంప్యూటర్ యూనిట్ కూడా విప్పాల్సి వస్తుంది. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కొనే ముందు

చూడ్డానికి ఒకేలా ఉందని ఏ తాళం పడితే అది కొనొద్దు. అమెరికా బండ్ల రిమోట్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, యూరప్‌వి 433 మీద పనిచేస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. గల్ఫ్‌కు అమెరికా నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బండ్లు చాలానే ఉన్నాయి కాబట్టి, పాత తాళం చూపించే కొనాలి. వేరే బండికి వాడేసిన తాళం కొత్త బండికి ఎక్కకపోవచ్చు కూడా.

తాళం పోలేదుగానీ పనిచేయడం లేదంటే ముందు బ్యాటరీ మార్చి చూద్దాం. చాలా వాటిలో సీఆర్ 2032 ఉంటుంది. ఈలోగా బండి తీయాలంటే, రిమోట్‌లో దాగున్న ఇనుప తాళం లాగి తలుపు తెరవొచ్చు. తర్వాత బ్రేక్ తొక్కి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా బండ్లు స్టార్టవుతాయి.

యజమానికి చెప్పాకే

తాళం పోయిన రోజే బాబాకో, మేడంకో చెప్పేద్దాం. చెప్పకుండా మనమే డూప్లికేట్ చేయిస్తే, మంచికి చేసినా దొంగతనం అనుమానం మన మీదికే వస్తుంది. షాపువాళ్లు కూడా బండి కాగితాలు అడుగుతారు. యూఏఈలో ముల్కియా, సౌదీలో ఇస్తిమారా, కువైట్‌లో దఫ్తర్. అవి యజమాని పేరు మీదే ఉంటాయి. ఆయన్ను వెంట తీసుకెళ్లడమో, షాపువాడితో ఫోన్‌లో మాట్లాడించడమో మంచిది. ధర ముందే తేల్చుకుని, బిల్లు తీసుకుందాం.

ఉన్న తాళాలన్నీ పట్టుకెళ్లి, పోయినదాన్ని బండిలోంచి తీసేయమని అడగాలి. అప్పుడది ఎవరికి దొరికినా బండి స్టార్ట్ కాదు. కానీ అందులోని ఇనుప తాళంతో తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి బండిలో పాస్‌పోర్టు, ఇఖామా, డబ్బులు ఉంచొద్దు.